చదివేవాడి నిద్ర

ఆసుపత్రిలో మంచం ఖాళీ అయిందన్న శుభవార్త వచ్చే సమయానికి కామా బాబాయి వంటింటి తూము దగ్గర నిలబడి, తల వెనక్కి వాల్చి, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడు. ఫోను భార్య ఎత్తింది. "ఆఁ, రేపు పొద్దున్నేనా? వస్తాం, వస్తాం" అంటూనే సంతోషం పట్టలేక ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. నీళ్లు సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి పోయాయి.

"రేపే ఆపరేషన్ అండీ! హమ్మయ్య, ఎన్నాళ్లకి!" అంది.

ఆయన దగ్గి, తువ్వాలుతో గడ్డం తుడుచుకుని, "ఈలోగా నువ్వు చంపేస్తే ఆపరేషన్ ఎవరికే?" అన్నాడు. ఆ మాట బయటికొచ్చేసరికి అందులో గాలే ఎక్కువ, మాట తక్కువ.

గొంతులో లేచిన గడ్డ మంచిది కాదు. తీసేస్తే మనిషి దక్కుతాడు, దాంతోపాటు గొంతు పోతుంది. డాక్టరు ఈ సంగతి నాన్చకుండా చెప్పాడు. ఇద్దరూ విన్నారు, ఇంటికొచ్చి భోంచేశారు. తర్వాత ఆమె ఏడిస్తే ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆ రోజు నుంచి ఖాళీ మంచం కోసం ఎదురుచూడటమే పనైపోయింది. అందుకే ఇప్పుడు ఆమె కళ్లల్లో ఆ వెలుగు. ఆయన దాన్ని చూసి, తడిసిన చొక్కా మార్చుకోవడానికి వెళ్లాడు.

ఇంకో చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ ఉండగానే ఫోను మళ్లీ మోగింది.

"బాబాయ్, కంగారు పడకండి" అంది అవతలి అమ్మాయి. కంగారు పడకండి అన్నారంటే పడవలసిందే. "మీ ఓడ పుస్తకం మూట విప్పుకోవడం లేదు."

చూపులేనివాళ్లు వినడానికి పుస్తకాలు చదివి రికార్డు చేసే చిన్న సంస్థ అది. బాబాయి చదువుతాడు, ఆ అమ్మాయి రికార్డు చేస్తుంది. ఒక పుస్తకం పూర్తయ్యాక అధ్యాయాలన్నిటినీ కుదించి ఒకే ఫైలుగా కట్టేస్తారు. దాన్ని అక్కడ అందరూ మూట అంటారు. మూట కట్టి, ఒకసారి విప్పి సరిచూసుకున్నాక విడి ఫైళ్లు చెరిపేస్తారు, లేకపోతే చోటు చాలదు. అలా ఓడ పుస్తకాన్ని, అంటే బాబాయి చదివిన సముద్రయానం నవలని, కట్టి చాలా రోజులైంది. ఇవాళ వినేవాళ్లకి పంపుదామని తీస్తే, లోపల పాడైందంటోంది కంప్యూటరు.

మూట పోయిందంటే పుస్తకం పోయినట్టే. మళ్లీ చదవాలంటే ఆయనకి ఈ ఒక్కరోజే ఉంది.

"ఎక్కడికండీ?" అంది భార్య.

"చదవడానికి."

"ఆ గొంతుతోనా! డాక్టరు మాట్లాడొద్దన్నాడు కదా."

"మాట్లాడను కామా చదువుతాను ఫుల్‌స్టాప్" అని ఆయన చెప్పులు వేసుకున్నాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. బాబాయి పనిచేసినంత కాలం ఒక అచ్చాఫీసులో కాపీ పట్టుకునే మనిషి. ప్రూఫులు దిద్దేవాడు అచ్చుకాగితం మీద కళ్లు పెట్టి కూర్చుంటే, ఈయన పక్కన కూర్చుని మూలప్రతిని పైకి చదవాలి. మాటలు చదివితే చాలదు. కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నార్థకం, కొత్త పేరా, అన్నీ పలకాలి. తేడా కనబడితే దిద్దేవాడు బల్ల మీద వేలితో తడతాడు. ఈయన ఆగుతాడు. పుస్తకం మీద రాసినవాడి పేరుంటుంది, అచ్చువేసినవాడి పేరుంటుంది. పక్కన కూర్చుని చదివినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఆయనకి ఆ ఆలోచన వచ్చినట్టు కూడా కనబడదు. ఇంట్లో గొడవపడ్డా విరామచిహ్నాలతోనే గొడవపడేవాడు. ఒకసారి నిద్రలో "కొత్త పేరా" అంటూ పక్కకి దొర్లి భార్యని మంచం మీంచి కింద పడేశాడు. ఆవిడ ఇప్పటికీ ఆ కథ చెప్పి అందర్నీ నవ్విస్తుంది.

అచ్చాఫీసు మూతపడ్డాక ఇక్కడ చేరాడు. మొదటి పుస్తకం నిండా కామాలే. అమ్మాయి వాటిని ఒక్కొక్కటిగా కత్తిరించింది. పేరు మాత్రం అతుక్కుపోయింది.

మేడ మీద గది చిన్నది. గోడలకి పాత బొంతలు కొట్టి ఉంటాయి, బయటి చప్పుడు రాకుండా. మధ్యలో బల్ల, దాని మీద మైకు, ఎదురుగా పుస్తకం నిలబెట్టే చెక్క స్టాండు. పేజీ కదలకుండా బాబాయి ఇంటినుంచి తెచ్చుకున్న బట్టల క్లిప్పు. చెక్కది, ఏళ్ల తరబడి పట్టుకుని పట్టుకుని నున్నబడింది. మూలన కంప్యూటరు ముందు అమ్మాయి కూర్చుని ఉంది. పెళ్లై నెల తిరగలేదు. ఆవలింత వచ్చినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పెట్టుకున్నందుకు తనే సిగ్గుపడుతుంది.

"ఏ అధ్యాయం పోయింది?" అన్నాడు బాబాయి.

"ఏడు."

ఆయన పుస్తకం స్టాండు మీద పెట్టి, ఏడో అధ్యాయం తెరిచి క్లిప్పు పెట్టాడు. నీళ్లు ఒక గుక్క తాగి, మైకు ముందుకి జరిగి మొదలుపెట్టాడు. "తెల్లవారేసరికి గాలి" అన్నాడు. అక్కడ గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగింది. మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి 'తెల్లవారేసరికి' కూడా తెల్లవారలేదు.

"ఆగండి బాబాయ్" అంది అమ్మాయి, కళ్లు తుడుచుకోకుండా ఉండటానికి కీబోర్డు వైపు తిరిగి. "ఇప్పుడే గుర్తొచ్చింది, పెన్‌డ్రైవులో ఇంకో కాపీ ఉంది. దాన్ని విప్పి చూస్తా."

అదీ పాడే. ఈసారి ఏడు బాగానే వచ్చింది, పన్నెండు పోయింది. బాబాయి క్లిప్పు తీసి పన్నెండుకి పెట్టాడు. అమ్మాయి మొదటి మూట మళ్లీ విప్పింది. పన్నెండు వచ్చింది, నాలుగు పోయింది. ఆయన క్లిప్పు నాలుగుకి మార్చాడు.

"మూట మొత్తం కుళ్లిపోతున్నట్టుంది బాబాయ్, బాగా వచ్చినవాటిని కూడా నమ్మడానికి లేదు. అక్కడ ఆపరేటరమ్మ రోజూ ఫోను చేస్తోంది. ఓడ ఒడ్డుకి చేరిందా లేదా చెప్పండి, లేదంటే నేనే ఈదుకుంటూ వచ్చేస్తా అంటోంది. ఏం చెప్పను?"

ఆపరేటరమ్మ ఒక పెద్ద ఆఫీసులో ఫోన్లు కలిపే ఆవిడ, చూపులేదు. బాబాయి గొంతంటే ప్రాణం.

బాబాయి క్లిప్పుని వేళ్ల మధ్య తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని అమ్మాయి బెదిరి చూసింది. నవ్వుతున్నాడు.

"మీ పిన్నిని చేసుకున్న కొత్తల్లో" అన్నాడు గుసగుసగా, "నిద్ర చాలేది కాదు."

"బాబాయ్!"

"విను. అచ్చాఫీసులో ఒకటే ప్రతి, రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక పేజీలో తప్పు పడింది. రెండోసారి అది సరిగ్గా వచ్చి ఇంకెక్కడో పడింది. నేను రాసినవాణ్ణి తిట్టిపోశాను, ప్రతి సరిగ్గా రాయలేదని. మా ప్రూఫుల ఆయన బల్ల మీద తట్టి ఏమన్నాడో తెలుసా? తప్పు ప్రతిలో ఉంటే ఎన్నిసార్లు చదివినా అక్కడే ఉంటుందిరా. పూటకో చోట పడుతోందంటే, అది చదివేవాడి నిద్ర, వెళ్లి ముఖం కడుక్కురా అన్నాడు."

ఊపిరి చాలక ఆగి, ఏడు, పన్నెండు, నాలుగు అధ్యాయాల మీద వేలు వేసి చూపించాడు.

అమ్మాయి ఆవలింత సగంలో ఆగిపోయింది. కంప్యూటరు వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మళ్లీ కంప్యూటరు వైపు చూసింది. "రెండు కాపీలూ దీంట్లోనే విప్పాను" అంది. "మూటలు బాగానే ఉన్నాయి. నిద్ర దీనికి పట్టింది!"

ఆపేసి, పక్క రేకు ఊడదీసింది. లోపల దుమ్ము. మూట విప్పేటప్పుడు కంప్యూటరు ప్రతి ముక్కనీ ముందు మెమరీలో పెట్టుకుని అప్పుడు బయట పెడుతుంది. మెమరీ తడబడితే మంచి ముక్క కూడా పాడైనట్టే కనబడుతుంది. ఆ మెమరీకి అరచెయ్యంత పొడుగున్న పచ్చటి పలకలు రెండున్నాయి. ఒకదాన్ని పీకి, రెండో దానితో విప్పి చూసింది. పదిహేనో అధ్యాయం పోయింది. బాబాయి అలవాటుగా క్లిప్పు అక్కడికి జరిపాడు. ఆమె ఆ పలక తీసేసి మొదటిది పెట్టింది. ఈసారి ఇద్దరూ ఊపిరి బిగపట్టి చూశారు. ఒక్కో అధ్యాయం పేరు వరసగా దిగుతూ పోయి, చివరిదాకా వచ్చి ఆగింది. ఏ తప్పూ చూపించలేదు.

నమ్మకం కుదరక మళ్లీ విప్పింది. మళ్లీ అన్నీ వచ్చాయి. అమ్మాయి కుర్చీలోంచి లేచి అక్కడే గిర్రున తిరిగింది. "ముఖం కడిగేశాం బాబాయ్!"

చివరి అధ్యాయం చివర పెట్టి వినిపించింది. గది నిండా ఆయన పాత గొంతు, నిండుగా, తొందర లేకుండా. బాబాయి చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో పెద్దమనిషి మాట్లాడుతుంటే విన్నట్టు విన్నాడు. ఓడ ఒడ్డుకి చేరింది. చేరగానే స్పష్టంగా "కామా" అంది గొంతు.

అమ్మాయి నాలుక కరుచుకుంది. "అయ్యో, ఇదెలా వదిలేశాను! మొన్న పెళ్లి హడావుడిలో... ఇప్పుడే కత్తిరిస్తా."

బాబాయి బల్ల మీద వేలితో తట్టాడు. ఆమె ఆగింది.

"ఉండనీ" అన్నాడు. "ఆపరేటరమ్మ నవ్వుకుంటుంది."

కింద వీధిలోంచి భార్య పిలుపు వినబడింది. భుజాన సంచీ, చేతిలో ఆసుపత్రి కాగితాలు, వీధి మొత్తానికీ వినబడేటంత సంతోషం. "ఏవండీ! సాయంత్రమే చేరిపోమన్నారు, రండి!"

అమ్మాయి మెట్లదాకా వచ్చింది. "జాగ్రత్త బాబాయ్" అంది. ఆయన ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగి, మిగిలిన ఊపిరినంతా కూడదీసుకున్నాడు.

"రేపు సాయంత్రానికి మెలకువ వస్తుందన్నారు. నువ్వు ఓడ పుస్తకం మొదటి అధ్యాయం పట్టుకురా. నువ్వు వినిపించు, నేను దిద్దుతాను. తప్పుంటే మంచం మీద తడతాను."

"వస్తాను. మా ఆయన్ని కూడా తీసుకొస్తా."

"నిద్రపోనిచ్చి తీసుకురా" అన్నాడు. అదే ఆయన గొంతుతో ఆమె విన్న ఆఖరి మాట.

ఆమె గదిలోకి వచ్చి దీపం ఆర్పబోయి ఆగింది. చెక్క స్టాండు మీద పుస్తకం పదిహేనో అధ్యాయం దగ్గర తెరిచే ఉంది. ఇక చదవక్కర్లేని ఆ పేజీని బట్టల క్లిప్పు కదలకుండా పట్టుకుని ఉంది.