పన్నెండు గొట్టాల మట్టి

కువైట్‌లో మిష్రిఫ్ పేటలోని ఆ విల్లాలో సంజీవమ్మ పనికి చేరినప్పుడు లుల్వాకు పదిహేనేళ్లు. ఇప్పుడు ఇరవై ఏడు. పన్నెండేళ్లలో ఆ పిల్ల జుట్టుకు నూనె రాసింది, జ్వరాలొస్తే పక్కన కూర్చుంది, తల్లితో పోట్లాడి గదిలో గడియ పెట్టుకున్నప్పుడు తలుపు తట్టి అన్నం తినిపించింది. ఇద్దరూ అరబ్బీలోనే మాట్లాడుకునేవాళ్లు. అరబ్బీ అందనిచోట సంజీవమ్మ తన రాయచోటి మాటే వాడేసేది. లుల్వాకు అదీ అర్థమయ్యేది.

లుల్వా పై చదువుకని కెనడాలో ఉత్తరపు కొసకు వెళ్లి నాలుగేళ్లయింది. ఏం చదువుతోందని బంధువులు అడిగితే, భర్త పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలిన లుల్వా తల్లి, సంజీవమ్మ 'మామా' అని పిలిచే యజమానురాలు, "మట్టి" అని చెప్పి పెదవి విరిచేది.

జూన్ మొదటివారంలో లుల్వా ఆ మట్టిని ఇంటికే తెచ్చింది.

తెల్లటి పెట్టె మూత తీస్తే పొగలు లేచాయి. లోపల పన్నెండు ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోటీ మూరెడు పొడవు. వాటిని పరీక్షించాల్సిన కువైట్ ల్యాబులో చల్లగది మరమ్మతులో ఉందనీ, వేసవి పోయేదాకా ఆగాలనీ చెప్పారట. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఊరికే పడివున్న పాత నిలువు ఫ్రీజరును తుడిపించి, గొట్టాలను అందులో సర్దింది లుల్వా. తొమ్మిది గొట్టాలు అరల్లో పట్టాయి. మిగతా మూడూ తలుపుకున్న పట్టీల్లో నిలబెట్టింది.

"మట్టిని ఎవురన్నా ఫ్రిజ్‌లో పెడ్తారా పాపా?" అంది సంజీవమ్మ.

"ఇది పదివేల ఏళ్లుగా కరగని మట్టి సంజీ. అక్కడి అడవి దీని మీదే నిలబడింది. పైన సన్నటి నల్లచెట్లు, వాటి కింద మోకాలిలోతు నాచు. ఆ నాచు ఈ నేలకు దుప్పటి. ఎండను కిందికి దిగనివ్వదు. ఇప్పుడు ఆ అడవి ఏటేటా తగలబడుతోంది. చెట్లతోబాటు దుప్పటీ కాలిపోతోంది. లోపలి మంచు కరిగి నేల కుంగుతోంది."

"మా పక్క కొండలు గూడా ఎండాకాలం కాల్తాయి పాపా. ఒక్క వాన పడితే చాలు, మళ్లా చిగురేస్తాది."

లుల్వా తల అడ్డంగా ఊపింది. "అక్కడ ఆ చెట్టు తిరిగి రావడం లేదు. కొన్నిచోట్ల గడ్డి వస్తోంది, కొన్నిచోట్ల వేరే చెట్లు. కుంగినచోట నీళ్లు నిలుస్తున్నాయి. ఈ మట్టి నిండా ఎప్పటివో ఆకులూ వేళ్లూ కుళ్లకుండా ఉన్నాయి. కరిగితే కుళ్లుతాయి. ఆ కుళ్లు గాలి పైకి లేచి లోకాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. వేడెక్కితే మళ్లీ మంటలు."

"అది యాడ నిలబడతాది మరి?"

"అది తెలుసుకోవడానికే ఈ గొట్టాలు."

పది రోజులుండి లుల్వా వెళ్లిపోయింది. వెళ్లేముందు ఫ్రీజరు బయట ఎర్ర అంకెల మీటరు ఒకటి అతికించింది. "మైనస్ ఇరవై ఉండాలి. మైనస్ అయిదు దాకా వచ్చిందంటే నాకు ఫోన్ చెయ్యి. ఏం జరిగినా తలుపు మాత్రం తెరవకు," అని మూడుసార్లు చెప్పింది. సంజీవమ్మ పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం వంట ముగిశాక ఒకసారి వెళ్లి ఆ అంకె చూసి వచ్చేది.

జూలైలో లుల్వా వీడియో కాల్ చేసినప్పుడు వెనకాల ఆకాశం నారింజరంగులో ఉంది. పట్టపగలే లైట్లు వేసుకున్నారు. ఫోను తిప్పి దారి చూపించింది. తారురోడ్డు నడుమ పగిలి, ఒకపక్క బారెడు లోతుకు దిగిపోయి ఉంది. దాని అంచున చెట్లు ఎవరో భుజం పట్టి తోసినట్టు ఒకదానిమీద ఒకటి ఒరిగివున్నాయి.

"గాలి మా వైపు తిరిగితే మేమూ కదలాలి," అంది దగ్గుతూ.

ఆ తర్వాత మూడు రోజులు ఫోను కలవలేదు. మామా అన్నం మానేసింది. నమాజు చేసుకునే సజ్జాదా మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ, పక్కన ఫోను పెట్టుకుని దానికేసే చూసేది.

నాలుగోరోజు పొద్దున పదింటికి కరెంటు పోయింది. ఎండలు యాభై దాటాక వాడకం పెరిగి పేటలవారీగా తీస్తున్నారు. రెండు గంటల్లో వస్తుందన్నారు. డ్రైవరు వచ్చి మామాను ఆమె చెల్లెలింటికి తీసుకెళ్లాడు. కరెంటు వచ్చేదాకా ఇల్లు చూసుకోమని సంజీవమ్మను వదిలి వెళ్లారు.

పన్నెండు దాటింది. కరెంటు రాలేదు. వీధి చివర కేబులు కాలిపోయిందని, సాయంత్రం దాకా ఆశ పెట్టుకోవద్దని ఎదురింటి కాపలాదారు చెప్పాడు.

షెడ్డులోకి అడుగుపెట్టగానే వేడి ముఖాన కొట్టింది. రేకులు టపటపమంటున్నాయి. మీటరు మైనస్ పన్నెండు చూపిస్తోంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పాతబడి ఒకచోట వదులైంది. అక్కడ చెయ్యి పెడితే చల్లగాలి సన్నగా తగులుతోంది. ఆ చలి బయటికి పోతున్నంతసేపూ బయటి వేడి లోపలికి పోతున్నట్టే కదా అనుకుంది. పరుగున ఇంట్లోకి వెళ్లి పరుపుల మీది దుప్పట్లు, చలికాలపు రజాయిలు, తన బొంత అన్నీ మోసుకొచ్చి ఫ్రీజరుకు చుట్టింది. చీర కొంగు పిండితే చెమట కారింది.

ఒంటిగంటన్నరకు మైనస్ ఏడు. లుల్వాకు ఫోను చేసింది. మోగనే లేదు. మామాకు చేసింది.

"మామా, లుల్వా పాప మట్టి కరిగిపోతోంది. ఎవరినైనా పంపండి."

"మట్టా?" మామా అరిచింది. "నా కూతురు మంటల్లో ఎక్కడుందో తెలియదు, నువ్వు మట్టి అంటున్నావు. పోతే పోనీ. ఖలాస్!"

ఫోను పెట్టేసింది.  మామాను తప్పుపట్టడానికి సంజీవమ్మకు మనసు రాలేదు. కానీ ఆ పిల్ల మూడుసార్లు చెప్పింది. ఆ పిల్లకు ఏమైందో తనకూ తెలియదు. తన చేతిలో ఉన్నది ఈ మట్టి ఒక్కటే.

అప్పుడు భీమరాజు గుర్తొచ్చాడు. రాజోలు దగ్గరివాడు, మహబూలాలో నలుగురితో కలిసి ఫ్లాటులో ఉంటాడు. ఫ్రీజర్ వ్యానులో గడ్డకట్టిన చేపలు ఇళ్లకు వేస్తాడు. గురువారం గురువారం ఈ ఇంటికీ వస్తాడు.

"భీమన్నా, యాడుండావు? నీ బండిలో చలి ఉండాదా?"

"ఆయ్, ఉందక్కా. సాల్మియాలో సరుకు దింపుతున్నానండి. ఏటైంది, గొంతలా ఉంది?"

చెప్పింది. 

"మట్టికోసమాండీ?" అన్నాడు భీమరాజు.

"మట్టే అన్నా. అట్లాంటిది ఇంగ దొరకదంట. ఆ బిడ్డ మూడు దినాలుగా పలకడంల్యా. నువ్వు రాకపోతే నాకు ఇంగ దిక్కులేదు."

"సరేనండి, వత్తున్నా. మా సూపర్‌వైజరు ఖుద్దూస్ భాయ్‌కి ఓ మాట చెప్పుకోవాలి. తలుపు తియ్యకండేం!"

అతను వచ్చేసరికి మూడున్నర అయింది. దారిలో సిగ్నళ్లు పనిచెయ్యక బళ్లు నిలిచిపోయాయట. మీటరు సున్నా మీద ఉంది. ఫ్రీజరు అడుగునుంచి నల్లటి నీళ్లు సన్నగా జారి సిమెంటు నేలమీద పాకుతున్నాయి.

వ్యాను వెనకతలుపు షెడ్డుకు ఆనించి నిలిపాడు భీమరాజు. దుప్పట్లు లాగేసి సంజీవమ్మ తలుపు తెరిచింది. లోపలి నుంచి వచ్చిన వాసన ఆమె ఎన్నడూ ఎరగనిది. చెరువు ఎండినప్పటి బురద వాసనలా మొదలై, గొంతులోకి దిగేసరికి చచ్చినదేదో ఉన్నట్టు అనిపించింది. భీమరాజు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

అరల్లోని తొమ్మిదీ ఇంకా గట్టిగానే ఉన్నాయి, పైన మాత్రం చెమర్చాయి. ఒక్కొక్కటీ పసిబిడ్డను అందించినట్టు అందించింది. అతను చేపల పెట్టెల మధ్య పడుకోబెట్టాడు. తలుపులో నిలబెట్టిన మూడూ కరిగిపోయాయి. ఒకదాని మూత ఊడివుంది. మట్టి చిక్కటి నల్లజావలా మారి, దాని మీద బుడగలు లేచి పగులుతున్నాయి, పొయ్యి మీద పెట్టిన సంగటిలాగా. కింద మాత్రం మంటలేదు.

ఆ జావలోంచి ఒక ఆకు అంచు పైకి తేలింది. వేలెడు పొడవు, ఇప్పుడే కోసినంత పచ్చగా ఉంది. సంజీవమ్మ దాన్ని రెండు వేళ్లతో తీసి అరచేతిలో పెట్టుకుంది.

"అన్నా, చూడు. పదివేల ఏండ్ల ఆకు."

అతను వంగి చూశాడు. చూస్తుండగానే ఆకు ఈనె దగ్గర ముదురు గోధుమరంగు మొదలైంది. అది అంచులకు పాకింది. ఊపిరి నాలుగుసార్లు తీసుకునేలోపు ఆకంతా నల్లబడి అరచేతికి అంటుకుపోయింది. తుడవబోతే మసిలా సాగింది.

భీమరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. "చేతులు కడిగేసుకోండక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "నాకెందుకో బాలేదండి ఇది."

వ్యాను వెళ్లిపోయాక ఆమె సబ్బుతో మూడుసార్లు కడిగింది. మచ్చ పోయింది కానీ ఆ వాసన గోళ్లలో రెండు రోజులుంది. సూపర్‌వైజరు అబ్దుల్ ఖుద్దూస్ మొదట విసుక్కుని, తర్వాత వాళ్ల కోల్డ్ స్టోరేజీలో ఒక మూల చోటిచ్చాడు. తొమ్మిది గొట్టాలూ అక్కడ రొయ్యల పెట్టెల వెనక నిలిచాయి.

ఆరోరోజు లుల్వా ఫోను చేసింది. మామా ఫోనును చెంపకు అదుముకుని చాలాసేపు ఏడ్చింది. మంట ఊరి అంచుకు వచ్చిందట, అందర్నీ బస్సుల్లో దక్షిణానికి తరలించారట. చివరకు ఫోను సంజీవమ్మ చేతికి వచ్చింది.

"గొట్టాలు?" అంది లుల్వా.

సంజీవమ్మ దాచకుండా చెప్పింది. తొమ్మిది ఉన్నాయి, మూడు పోయాయి.

"ఏ నెంబర్లు?"

"పది, పదకొండు, పన్నెండు."

 "అవి అన్నిటికంటే లోతైనవి. అన్నిటికంటే పాతవి," అంది లుల్వా మెల్లగా. "మళ్లీ తీసుకొద్దామంటే వాటిని తవ్వితీసిన గుట్టే లేదు సంజీ. కాలింది. కాలిన వెంటనే పక్కంతా జారి వాగులో పడిపోయింది. ఆ నేలది ఇక లోకంలో మిగిలింది మీ చేపల గదిలో ఉన్నదే."

"నేను ముందే భీమన్నకు ఫోన్ చేసుంటే..."

"నువ్వు చెయ్యకపోతే ఒక్కటీ మిగిలేది కాదు."

అక్టోబరులో లుల్వా వచ్చింది. బుగ్గలు లోతుకు పోయాయి, దగ్గు తగ్గలేదు. ల్యాబు తయారయింది. తొమ్మిది గొట్టాల నుంచి ముక్కలు కోసి గాజుసీసాల్లో కరిగించి, లేచిన గాలిని ఆరువారాలు కొలిచింది. కొలతలు ముగిసిన రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఏమైందని సంజీవమ్మ అడిగింది. "ఆ కుళ్లు గాలి మేము అనుకున్నదానికంటే తొందరగా వస్తోంది. చాలా తొందరగా," అని చెప్పి లేచిపోయింది.

జనవరిలో మళ్లీ బయల్దేరింది. మామా వద్దని బతిమాలింది. చలికాలమే కదా, మంటలుండవు కదా అని సంజీవమ్మే మామాకు సర్దిచెప్పింది.

రెండు వారాలకు, సాయంకాలం చాయ్ వేళ వీడియో కాల్ వచ్చింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. లుల్వా కనురెప్పల మీద మంచు పేరుకుంది. మైనస్ నలభై అంది. వెనకాల కనుచూపుమేర తెల్లటి మంచు, అందులో గుచ్చినట్టు నల్లటి మొద్దులు.

"ఇది చూడండి," అని ఫోను తిప్పింది.

మంచులో గుండ్రటి నల్ల రంధ్రం. అందులోంచి పొగ నిటారుగా లేస్తోంది.

మామా సంజీవమ్మ భుజం మీదుగా వంగింది. ఆ మట్టి గురించి ఆమె ఎప్పుడూ ఒక్క ప్రశ్నైనా వెయ్యలేదు. "అక్కడ ఎవరైనా ఉంటున్నారా? వంట చేసుకుంటున్నారా?"

"ఎవరూ లేరు యుమ్మా. ఇది జూలై మంట. చల్లారలేదు. మంచు కింద, నేలలోపల ఆరునెలలుగా కాలుతూనే ఉంది. ఎండాకాలానికి పైకి వస్తుంది."

"ఎవురు ఆర్పుతారు దాన్ని?" సంజీవమ్మకు తెలుగే వచ్చింది నోటికి.

 లుల్వా ఫోనును ఇంకా పక్కకు తిప్పింది. దూరాన మరో పొగ. దాని వెనక వాలులో ఇంకొకటి, సన్నగా దారంలా. సంజీవమ్మ వేలు తెరమీద పెట్టి లెక్కపెట్టసాగింది. ఏడు దాకా వచ్చింది. ఎనిమిదోది పొగో, మబ్బో తేల్చుకునేలోపు చలికి అవతలి ఫోను ఆరిపోయింది.

మామా మళ్లీ నెంబరు నొక్కింది. మోగలేదు. మళ్లీ నొక్కింది. స్టీలు ట్రేలో చాయ్ చల్లారిపోతున్నా ఇద్దరిలో ఎవరూ దాన్ని తాకలేదు.