టాపు కారులో చెమ్మ

మూడు రోజులుగా ఇదిగో వస్తా, అదిగో వస్తా అని ఊరించిన వాన ఆ ఉదయం ముఖం చాటేసింది. ఆకాశం తోమి బోర్లించిన గిన్నెలా ఉంది, ఒక్క మబ్బు మరక లేదు. వీధిలో అందరూ బట్టలు ఆరేసుకుంటున్నారు. సూది మేస్త్రి భార్య ఒక్కతే షెడ్డు ముందు తల పైకెత్తి, వస్తానన్న చుట్టం రాలేదన్నట్టు చూస్తూ నిలబడింది.

ఆమె పక్కన పళ్ళ డాక్టరు గారి కారు ఉంది. యాభై ఏళ్ళ నాటి బండి. గుడ్డ టాపు, కావాలంటే వెనక్కి మడిచేసుకోవచ్చు. ఆ టాపు కొత్తగా కుట్టింది ఆమె భర్త. తుప్పు గోకి, రేకు అతికి, రంగు వేసింది ఆమె తమ్ముడు. ఇద్దరిదీ ఒకే షెడ్డు, మధ్యలో నడుమెత్తు గోడ. ఇటు కుట్టు మిషను, అటు టింకరు సుత్తి. ఇద్దరూ కలిసి ఎన్నో బండ్లు చేశారు గానీ మడిచే టాపు కారు ఇదే మొదటిది.

కారు వెళ్ళిన పది రోజులకే తిరిగొచ్చింది. డ్రైవరు కాళ్ళ దగ్గర తివాచీ తడిసి ముద్దయింది. మేస్త్రి కుట్లన్నిటికీ మళ్ళీ మైనం పట్టించాడు, తమ్ముడు తలుపుల రబ్బర్లు మార్చాడు. కారు వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఈసారి సీటు కింద పుట్టగొడుగు మొలిచింది. డాక్టరు మెత్తని మనిషి. "నోట్లో నీళ్ళూరడం నాకు రోజూ చూసే సంగతే మేస్త్రీ. కాళ్ళ కింద ఊరితేనే ఏం చెయ్యాలో తోచడం లేదు" అని నవ్వి, ఆ పుట్టగొడుగుని కాగితంలో పొట్లం కట్టి మేస్త్రి చేతిలో పెట్టి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

ఆ పొట్లం మీదే బావకీ బావమరిదికీ మాట పెరిగింది. టాపు కాదు జల్లెడ అన్నాడు బావమరిది. రేకు కాదు చాట అన్నాడు బావ. అక్కడితో ఆగితే పోయేది. ఆగలేదు. మేస్త్రి మెల్లగా ఇంకో మాట అన్నాడు.

"నా కుట్టులోంచి చుక్క దిగిందంటే మళ్ళీ సూది పట్టను."

తమ్ముడు దాన్ని కోపంలో మాట అనుకున్నాడు. ఆమె అనుకోలేదు. మేస్త్రి మాట తక్కువ మనిషి, అందుకే అన్న మాట బరువు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఇక చుట్ట కాల్చనన్నాడు. ముప్ఫై రెండేళ్ళయింది, చుట్ట వాసన వచ్చిన వైపు తల తిప్పలేదు. సూది లేకుండా ఆ చేతులు ఏం చేస్తాయో ఆమె ఊహకి అందలేదు. సెలవు రోజే గడవదు ఆయనకి. మధ్యాహ్నానికల్లా బాగున్న దిండు గలీబులు విప్పి మళ్ళీ కుట్టుకుంటూ కూర్చుంటాడు.

ఇరవై రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. చెప్పవలసింది ఆమెకి చెప్తారు. గోడకి అటొకరు, ఇటొకరు, మూరెడు దూరంలో నిలబడి, ఫలానా రేకు కత్తెర ఇమ్మని మీ తమ్ముడికి చెప్పు అని ఈయన, అది మూలన ఉందని మీ ఆయనకి చెప్పక్కా అని అతను. ఆమె మళ్ళీ చెప్పనక్కర్లేదు. కత్తెర దానంతటదే గోడ మీదకి వచ్చేది. మధ్యాహ్నం ఆమె తెచ్చే క్యారేజీలు కూడా రెండయ్యాయి. పన్నెండేళ్ళు ఒక దాంట్లోంచే తిన్నారు.

ఈ సాయంత్రం డాక్టరు వస్తాడు. ఈసారీ కారితే పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్తానని ముందే చెప్పాడు. తప్పు ఎవరిదో ఆ వర్క్‌షాపు వాళ్ళు తేల్చేలోపు ఇక్కడే తేల్చుకోవాలని ఆమె పట్టుబట్టింది.

ఆమెకి కార్లు తెలియవు. కారడం తెలుసు. వెనకటికి ఒక అద్దె ఇంట్లో పొయ్యి పక్క గోడ చెమ్మెక్కితే ఏడాది పాటు ఆ గోడకే సున్నం కొట్టారు. తీరా చూస్తే చిల్లు అవతలి గది కప్పు మీద ఉంది. నీళ్ళు కనిపించిన చోట పుట్టవని అప్పుడు తెలిసింది. ఇక్కడ మగవాళ్ళు ఇద్దరూ చేసింది ఏమిటంటే, ఒకరు తలుపు మీద బక్కెట్టు కుమ్మరించి చూశావా అనడం, ఇంకొకరు టాపు మీద కుమ్మరించి చూశావా అనడం. బక్కెట్టెడు నీళ్ళు ఎక్కడ పోసినా కారంతా తడుస్తుంది. ఎవరి సాక్ష్యం వాళ్ళకి దొరికింది.

ఆమె సీట్లు తీయించింది. తివాచీ పీకించింది. అడుగు రేకు పొడిగుడ్డతో తుడిచి, ఇంట్లోంచి తెచ్చిన ముఖం పౌడరు డబ్బా మూత తీసి రేకంతా పల్చగా చల్లింది. తడి ఎక్కణ్ణించి నడిచొచ్చినా అందులో అడుగు పడుతుందని.

"కారుని ఫోటోకి కూర్చోబెడుతున్నావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"నిన్నే కూర్చోబెడదును. పట్టవుగా" అంది ఆమె, అతని పొట్ట వైపు చూసి.

అది నిజమే. అతను పట్టడు, మేస్త్రికి మోకాలు వంగదు. టార్చిలైటు తీసుకుని ఆమే లోపల దూరింది. నీళ్ళ పైపు మేస్త్రి చేతిలో పెట్టింది. కింద నుంచి పైకి రావాలి, ఒక్కో చోట పది నిమిషాలు, పలచగా, వాన పడ్డట్టు. తాను సరే అనే దాకా పైపు చోటు మారకూడదని చెప్పి తలుపు వేసుకుంది.

ముందు తలుపుల కింది అంచు. పౌడరు తెల్లగానే ఉంది. తరవాత తలుపు రబ్బర్లు. అంతకు ముందే తమ్ముడు రబ్బరుకీ తలుపుకీ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూపించాడు. చిరిగింది గానీ జారలేదు. ఇప్పుడు నీళ్ళకీ జారలేదు. తరవాత ముందు అద్దం చుట్టూ. పొడి. లోపల ఉక్క, రబ్బరు వాసన.

టాపు వెనక అంచు బాడీలోకి దిగే చోట పైపు పెట్టిన ఆరో నిమిషంలో వచ్చింది. వెనక సీటు ఆనుకునే అట్ట కిందనుంచి, చీమల బారులా నల్లగా సన్నగా ఒక గీత. అది తిన్నగా కిందకి పోలేదు. రేకు మడత పట్టుకుని, కారు పొడుగునా నడిచి, డ్రైవరు కాళ్ళ దగ్గర పల్లంలో చేరి ఆగింది. ఇన్నాళ్ళూ అక్కడే వెతికారు.

వెనక అట్ట విప్పి టార్చి వేసింది. మడిచిన టాపు పడుకునే చోట, అడుగున రేకుతో ఒక కాలవ ఉంది. కాలవ నిండా నీళ్ళు. టాపు మీద పడ్డ వాన ఈ కాలవలోకి దిగి, రెండు మూలల్లో తూముల గుండా వెనక చక్రాల పక్కన నేల మీద పడాలి. బండి కట్టినవాడు వానని రావద్దనలేదు, పోయే దారి చూపించాడు. ఆ దారి ఏమైందని ఆమె చెయ్యి పెట్టి తడిమింది.

ఎడమ మూల నున్నగా ఉంది. తూము లేదు. గోరుతో గీకితే రంగు లేచింది, రంగు కింద గుంటలు పూడ్చే లప్పం. ముక్క ఊడి చేతికొచ్చింది. అంత నున్నటి లప్పం పెట్టే చెయ్యి చుట్టుపక్కల ఒక్కటే.

కుడి మూలలో తూము ఉంది, కానీ నీళ్ళు దిగడం లేదు. వేలు పెట్టి లాగింది. ముద్దగా వచ్చింది. నీలం దారం తెగలు, దూది, టాపు గుడ్డ పీలికలు. మేస్త్రి దారం. ముద్ద విప్పి చూసింది. మధ్యలో రెండు చీపురు పుల్లలు.

ఆమె టార్చి పక్కన పెట్టింది. టాపు పూర్తయిన సాయంత్రం గుర్తొచ్చింది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కారు ముచ్చటగా అప్పజెప్పాలని, ఎవరూ అడక్కుండానే, తాను లోపలంతా ఊడ్చింది. మూలలో కన్నం కనిపిస్తే, చెత్త బయటికి పోతుంది కదా అని పుల్లతో పొడిచి మరీ తోసింది.

పైపు ఇంకా పారుతోంది. తాను సరే అనలేదు కదా, అక్కడే పట్టుకుని నిలబడ్డాడాయన. ఆమె పిడికిట్లో దారం ముద్ద ఉంది. పారేస్తే ఎవరికీ తెలియదు. లప్పం ఒక్కటే మిగులుతుంది. సూది నిలుస్తుంది. తమ్ముడి మీద పడుతుంది, వాడు ఒక వారం ముడుచుకుని కూర్చుంటాడు, తరవాత వాడే తేరుకుంటాడు. ఇంత ఆలోచన చేసినందుకే ఆమెకి సిగ్గేసింది.

తలుపు తీసుకుని బయటికి వచ్చి, రెండు చేతులూ చాపింది. ఒక దాంట్లో లప్పం. ఒక దాంట్లో దారం.

తమ్ముడు లప్పం వైపు చూశాడు. తూము గొట్టం ఎప్పుడో రాలిపోయి ఉంటుంది, తుప్పు తిన్న కన్నమనుకుని మూశాడట.

మేస్త్రి దారం వైపే చూస్తున్నాడు. రెండు వేళ్ళతో ఒక తెగ పైకెత్తి ఎండకి పట్టాడు. తరవాత, సూది గుచ్చుకోకుండా తొడుక్కునే, పడుకున్నప్పుడు తప్ప తియ్యని అంగుస్తానా వేలినుంచి లాగి, కారు మడ్డుగార్డు మీద పెట్టాడు.

"దారం నాదే" అన్నాడు.

"దారం మీదే. తోసింది నేను. పుల్లలు చూడండి" అంది ఆమె.

ఆయన చూశాడు. చీపురు పుల్లల్ని ఎంత సేపు చూడొచ్చో అంత కంటే ఎక్కువసేపు చూశాడు.

"తిలా పాపం తలా పిడికెడు" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా.

పని మొదలైంది. తమ్ముడు లప్పం పూర్తిగా తొలిచి, కన్నం అంచులు రాకి, రంగు పూసి, రబ్బరు గొట్టం బిగించాడు. మేస్త్రి అవతలి తూములో తీగ దూర్చి, ఇంకో నాలుగు తెగలు లాగాడు. కాలవలో నీళ్ళు గుడగుడమని రెండు చక్రాల పక్కనా నేల మీద పడ్డాయి. అయినా అంగుస్తానా మడ్డుగార్డు మీదే ఉంది.

"కుట్టు సంగతి తేలలేదు" అన్నాడు మేస్త్రి.

"అక్కర్లేదులే బావా." ఇరవై రోజుల్లో మొదటి మాట.

మేస్త్రి పైపు అతనికి అందించాడు. "నా కుట్టు మీద నేను పోస్తే మొహమాటపడతాను. నువ్వు పొయ్యి."

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది. టాపు మీద నీళ్ళు పడుతుంటే లోపల చెవులు మూసుకున్నట్టుంది. టార్చి కుట్టు వెంట నడిపించింది. వెనక అద్దం పైన కుట్టు దగ్గర ఒక మెరుపు. చుక్క. ఆవగింజంత, వేలాడుతోంది.

ఆమె వేలితో తుడిచేసింది. దిగిందని చెప్పాలి. ముందు నిజంగా దిగిందో లేదో తెలియాలి. ఊపిరి అటు తగలకుండా ముఖం పక్కకి తిప్పుకుని, వందదాకా లెక్కపెట్టింది. మళ్ళీ ఇంకో వంద. కుట్టు పొడిగా ఉంది. అప్పుడు దగ్గరగా జరిగి నోటితో ఊదింది. కాసేపటికి అదే చోట, అదే ఆవగింజ. తన ఊపిరే. ఇంకో వంద లెక్కపెట్టి మరీ బయటికి వచ్చింది.

బావమరిది పైపు వంచి నీళ్ళు ఆపాడు. మేస్త్రి కారు వైపు చూడటం లేదు.

"పొడి" అంది ఆమె.

తమ్ముడు మడ్డుగార్డు మీద అంగుస్తానా తీసి, చొక్కా అంచుకి తుడిచి, బావ ముందు చెయ్యి చాపాడు. ఆయన తీసుకుని వేలికి పెట్టుకున్నాడు.

అప్పటికే మధ్యాహ్నం దాటింది. ఆమె రెండు క్యారేజీలూ తెచ్చి గుడ్డ కత్తిరించే బల్ల మీద పెట్టింది. మేస్త్రి కొలబద్దా, సుద్దా, నీలం గుడ్డా పక్కకి జరిపి, ఇంకొకరికి చోటు చేశాడు. తమ్ముడు చుట్టూ తిరిగి రాకుండా గోడ మీదనుంచే కాలు వేసి దాటాడు. పొట్ట కాస్త అడ్డం పడింది.

అన్నం మూడు పళ్ళేల్లో సర్దింది. కూర రెండు గిన్నెల్లోదీ ఒక గిన్నెలోకి వంపింది. బయట కారు వెనక చక్రాల దగ్గర, ఇటొకటి అటొకటి, చుక్కలు ఇంకా రాలుతున్నాయి. ముగ్గురూ తలలు వంచుకుని, ఆ చప్పుడు వింటూ తిన్నారు.