చీకటి పలక

రెండువేల నాలుగు వేసవి. నర్సీపట్నంలో ఓ కాలేజీ డాబా మీద, అక్కడే పాఠాలు చెబుతూ పిహెచ్‌డీ చేస్తున్న పావని రెండు ప్లాస్టిక్ పలకలు పెట్టింది. ఒకటి ఎండలో, రెండోది నల్లకాగితం చుట్టి. రెండింటికీ ఒకటే పూత. వెలుగు తగిలితేనే అది ప్రోటీన్‌ను పలకకు పట్టిస్తుంది. పైన ముల్లంగి నుంచి తీసిన ప్రోటీన్ పోసింది. తర్వాత కడిగి రంగుమందు వేస్తే, ప్రోటీన్ పట్టిన ఎండ పలక గోధుమరంగు తిరగాలి, చీకటి పలక తెల్లగా ఉండాలి. అప్పుడే పావని పిహెచ్‌డీ నిలుస్తుంది. పూతమందు అయిపోయింది, గైడుగారు మర్నాడే వస్తున్నారు.

"మేడమ్, క్లాసుంది. గంటసేపు కాకులు వాలకుండా సూస్తారేటి?" అంది పావని.

"కాకులకాపలాకి నేనే దొరికేనేటే?" అంది సీనియర్ లెక్చరర్ కరుణకుమారి, నవ్వుతూనే.

ఇంటర్లో ఈ పిల్లకి పిపెట్ పట్టడం నేర్పింది తనే. ఇప్పుడు ప్రిన్సిపాల్ పావనిని "సైంటిస్టుగారూ" అంటారు, తనను "బీకర్లు కడిగించమ్మా" అంటారు. పెళ్లితో ఆగిపోయిన తన రీసెర్చి సంగతి ఎవరికీ గుర్తులేదు.

పావని మెట్లు దిగగానే కరుణకుమారి నల్లకాగితం ఊడదీసింది. ఇరవై నిమిషాలాగి మళ్లీ చుట్టేసింది.

క్లాసు ముగించి వచ్చి పావని పలకలు కడిగి రంగుమందు వేసింది. రెండూ గోధుమరంగు తిరిగాయి. పావని మొహం పాలిపోయింది. అయినా పుస్తకం తీసి, చీకటి పలకకూ రంగు వచ్చిందని రాసింది. కరుణకుమారైతే ఆ పలకను కాలవలో పారేసేది. ఆ నిబ్బరం చూసి కరుణకుమారికి మరింత మండింది.

"కడగడంలో తప్పు సేసేనేమో మేడమ్."

"లేదు. కాగితం తీసేసుంది."

"గాలికా?"

అవునంటే సరిపోయేది. "కాదు, నేనే తీసేను. నువ్వంటే కుళ్లు."

పావని పిట్టగోడ మీద కూలబడింది. "మందు మళ్లీ తయారవ్వాలంటే నెల పడతాదండీ! ఒక్క మాట తిట్టినా పోయేది కదా!" తర్వాత ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఎంతసేపు తీసేరు?"

"ఇరవై నిమిషాలు."

పావని రెండు పలకలూ పక్కపక్కన పెట్టి చూసింది. రంగులో తేడా లేదు.

"అయితే గంట ఎండ అక్కర్లేదు, ఇరవై నిమిషాలే సాలు." మళ్లీ పెన్ను తీసింది. "కాగితం తీసింది మీరని మీ పేరే రాస్తాను. ఎందుకు తీసేరో గైడుగారికి మీరే సెప్పుకోండి."

"రాయి," అంది కరుణకుమారి. కుళ్లుతో చేసిన పని కూడా ఈ పిల్లకే పనికొచ్చిందేమిటని లోపల మళ్లీ భగ్గుమంది.