ముత్తక్క లెన్సు

ములకలపల్లిలో పొద్దున బస్సెక్కే వాళ్ళు ముందు ముత్తక్క అరుగు దగ్గర ఆగుతారు. "బస్సు యాడుంది పెద్దమ్మా?" అంటారు. ఆమె కుడికన్ను చికిలించి చూసి, "చండ్రుగొండ దాటింది, చాయ్ తాగి పోండ్రి" అంటుంది. కంటి క్యాంపులో లెన్సు వేసినప్పటి నుంచి ఆ కన్ను దూరమే చూస్తుంది. రాత్రి లెన్సు విప్పి గ్లాసు నీళ్ళలో వేసి పడుకుంటుంది. దగ్గరివి మాత్రం కనపడవు. అన్నంలో రాయి ఉంటే పంటికి తగలాల్సిందే. ఎడమకన్ను ఎప్పుడో పోయింది.

ఆమె అన్న కూతురు నాగలతది ఫోటో స్టూడియో. ఫోన్లొచ్చాక దాని షట్టరు సగమే లేస్తోంది. అలాంటప్పుడు పక్షుల సర్వే వాళ్ళొక మాట చెప్పారు. వాగవతలి గుట్ట మీద గద్ద గూడుంది. దగ్గరికి పోతే తల్లి గూడు వదిలేస్తుంది. ఇవతల నుంచే తీసిన ఫోటోలో పిల్లలెన్నో తెలియాలి. శుక్రవారం లోపు ఎవరు తెస్తే వాళ్ళకు రెండేళ్ళ పని. ఆదివారమేమో పక్కింటి దుర్గ చెల్లెలి పెళ్ళి ఫోటోలకు నాగలత మాటిచ్చింది.

కొత్త కెమెరా కొనడానికి అత్తా మేనకోడలూ ఖమ్మం బస్సెక్కారు. ఏన్కూరులో బస్సు ఆగే పది నిమిషాల మీద ఒక పుస్తకం రాయొచ్చు. అక్కడి మిరపకాయ బజ్జీలకే ఒక అధ్యాయం పడుతుంది. సరే, కెమెరా దుకాణానికి వద్దాం.

దుకాణం జోయెల్‌ది. అతను అద్దాల అల్మారా తెరిచాడు.

"బాడీ ఒక్కటేనా మేడం, లెన్సుతోటి కావాల్నా?"

"ఎవల బాడీ?" ముత్తక్క ఉలిక్కిపడింది. "ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవలు పోలె అవ్వా. కెమెరా మొద్దును బాడీ అంటం. ముందల కన్నులెక్క ఉండేది లెన్సు. విప్పి వేరేది పెట్టుకోవచ్చు."

"నాదీ గంతే గదా," అంది ముత్తక్క తేలికపడి.

నాగలత తెచ్చుకున్న డబ్బుకు బాడీతో పాటు ఒక్క లెన్సే వస్తుంది. పొట్టిది పెళ్ళిళ్ళకు. పొడుగుది పక్షులకు. పొడుగుదాన్ని బిగించి జోయెల్ వైపు తిప్పితే అతని ముక్కు తప్ప ఏమీ కనపడలేదు.

"గిట్ల తీస్తే పెండ్లికొడుకుది ముక్కు ఫోటోనే వస్తది," అంది దిగులుగా. పొట్టిది బిగించి వీధి చివరకు చూసింది. పావురాలు మిరియపు గింజల్లా ఉన్నాయి. ఇది తీసి అది, అది తీసి ఇది. గంట గడిచింది.

"పొట్టిదే కొను పిల్లా," అంది ముత్తక్క. కొంగుతో వేలు తుడుచుకుని, కుడికంటి లెన్సు విప్పి చేయి చాపింది. "పొడుగుది గిదుండంగ ఇంకోటెందుకు?"

జోయెల్ దాన్ని వెలుగుకు పెట్టి చూశాడు. "ఏ కంపెనీది అవ్వా?"

"క్యాంపుల ఫ్రీగ ఏసిండ్రు."

"మరి మౌంట్ సరిపోదు, కెమెరాకు పట్టదు. ఆగుండ్రి." కెమెరా నోటికుండే ప్లాస్టిక్ మూతకు నడుమ చిన్న బెజ్జం వేసి, లెన్సును అందులో అమర్చి తిప్పాడు. టక్కున పడింది.

నాగలత గడప మీద నిలబడి ఊరి దిక్కుకు చూసింది. "అత్తా, దుర్గోళ్ళ మేక మన మిరపనారు తింటాంది."

"ఫోన్ జెయ్యి జల్దీ."

శుక్రవారం సర్వే ఆఫీసరు ఫోటో చూశాడు. గూట్లో మూడు తలలు. మూడోది తల్లి రెక్క కింద, ముక్కు మాత్రం బయటికి. "ఏం లెన్స్ ఇది?"

"మా అత్తది సార్."

ఫారంలో లెన్స్ అన్న చోట ఆయన 'అత్త' అని రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు.

సోమవారం పొద్దున నాగలత మొదటి రోజు పనికి పోతోంది. అరుగు దగ్గర జనం ఆగారు. "బస్సు యాడుంది పెద్దమ్మా?"

"గిప్పటి సంది దాన్నడుగుండ్రి."

నాగలత కెమెరా ఎత్తింది. "చండ్రుగొండ దాటింది." అప్పుడు పెళ్ళి ఫోటోలు తీసిన పొట్టి లెన్సు అత్త చేతిలో పెట్టింది. "సాయంత్రం దాక ఇది నీది. బియ్యమేరుకో."

ముత్తక్క దాన్ని కంటికి పెట్టుకుని బియ్యం వైపు చూడలేదు. మేనకోడలి మొహం దగ్గరకు లాక్కుంది.

"ముక్కు పక్కన పుట్టుమచ్చ ఎప్పటి సంది ఉందే?"

"పుట్టినప్పటి సంది అత్తా."

"ఏన్కూరు దాక చూస్తుంటి," అంది ముత్తక్క. "నిన్ను చూడలె."

వీధి మలుపులో బస్సు హారను కొట్టింది. నాగలత ఇంకాసేపు కదలకుండా నిలబడింది.