జబ్బు తగ్గిన మనిషి

జబ్బు తగ్గిందని డాక్టరుగారు చెప్పిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా చెల్లెలు. నేను మాత్రం వెంటనే షాపు తాళాలు అడిగాను. కత్తెర ముట్టుకుని నెలలు గడిచాయి. ఇంక పట్టలేనేమోనని లోపల ఒకటే భయం.

ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి నా మెదడు వాచిపోయేలా చేసిందట. కాపలావాడు దొంగనుకుని ఇంటావిడనే చితకబాదినట్టన్నమాట. ఆసుపత్రి రోజులు నాకు ఒక్కటీ గుర్తులేవు. "ఏం చేశానే అక్కడ?" అని చెల్లెల్ని అడిగితే, "పడుకున్నావ్, తిన్నావ్, నర్సుల్ని తిట్టావ్. మామూలే," అని నవ్వేసేది. నిజమే, నాకు జబ్బుకి ముందునుంచీ ముక్కుమీదే కోపం.

నేను మంచంలో ఉన్నంతకాలం మా దర్జీ షాపు తనే నడిపింది. పగలంతా మిషను, సాయంత్రం నా పక్కన కుర్చీ. తీరా నేను తిరిగొచ్చాక నాకు అప్పజెప్పిన పని బొత్తాలు కుట్టడం! కోట్లు కోయడంలో పేరు తెచ్చుకున్నదాన్ని, కిటికీ పక్కన కూర్చుని బొత్తాలు కుట్టుకోవాలా? ఒళ్లు మండిపోయింది.

"ఇంకొన్నాళ్లు ఆగక్కా. నీ చెయ్యి ఇంకా వణుకుతోంది."

"వణికేది చెయ్యేగా, బుర్ర కాదుగా."

"నేనేమన్నా అన్నానా?"

అనలేదు. అందుకే నాకు ఇంకా కోపం.

ఆ మధ్యాహ్నం తను భోజనానికి వెళ్లగానే, కాలేజీ మాస్టారు కోటు కోసం ఇచ్చిన నల్ల ఉన్నిగుడ్డ బల్ల మీద పరిచాను. కోటు చేతులు కోసేటప్పుడు గుడ్డ మడతపెట్టి రెండు పొరలూ కలిపి కోయాలి. ఒంటిపొర మీద కోస్తే, రెండో చేతికి అట్టనమూనా తిరగేసుకోవాలి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి మొదట్లోనే చెప్పే పాఠమిది. నేను ఒంటిపొర మీద కోశాను. కత్తెర వణకలేదు. అంచులు ఎంత నున్నగా వచ్చాయో చూసుకుని మురిసిపోయాను. తిరగేయడం మాత్రం మరిచిపోయాను.

చెల్లెలు వచ్చి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"రెండూ ఎడమ చేతులే," అంది మెల్లగా. "ఫర్వాలేదక్కా, ఇదే రకం గుడ్డ ఇంకో ముక్క తెస్తాను. ఆయనకి తెలియనివ్వను."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు గానీ, మిగతావాటికి బాగానే వచ్చింది.

"గుడ్డ మడతపెట్టకుండా వదిలేసింది నువ్వే. నేను పనికిరానని అందరూ అనుకోవాలనేగా! నా షాపు కాజేద్దామని చూస్తున్నావు. నేను అక్కడే పోయుంటే నీకు బాగుండేది."

తను ఏడవలేదు. మెడలో ఉన్న కొలత టేపు తీసి, చుట్టచుట్టి బల్ల మీద పెట్టింది.

"సరిగ్గా ఇవే మాటలు ఆసుపత్రిలో రోజూ అనేదానివక్కా. మందు తాగిస్తే నా మొహాన ఉమ్మేదానివి. 'అలా అంటున్నది జబ్బు అమ్మా, మీ అక్క కాదు' అన్నారు డాక్టరుగారు. ఆ ఒక్క మాట పట్టుకుని అన్నాళ్లూ నీ పక్కన కూర్చున్నాను."

తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఇప్పుడు తగ్గిపోయిందిగా," అంది.

ఇంకా పూర్తిగా తగ్గలేదే అని కేకేద్దామనుకున్నాను. అలా అంటే నమ్మేది, వెనక్కి వచ్చి కూర్చునేది కూడా. కానీ ఆ మాటలు అన్నప్పుడు నా బుర్ర ఎంత తేటగా ఉందో నాకు తెలుసు. నోరు మూసుకుని, తను వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.