కుక్కరు డబ్బా మీద చీటీ

నాగమణి కాశీబుగ్గ బజారులో ఇరవై ఏళ్లుగా చేపలమ్ముతోంది. బేరమాడ్డం ఆమెకు మంచినీళ్ల ప్రాయం. అలాంటి మనిషి, కొత్త గిన్నెల దుకాణం ముందు ‘సగం ధరకే’ అన్న బోర్డు చూసి, నోరు మెదపకుండా పదహారువందలిచ్చి కుక్కరు కొనేసింది. డబ్బా మీద మూడువేల రెండువందలని ఉంది మరి. సగానికి సగం తగ్గించినవాణ్ణి ఇంకేం అడుగుతాం?

ఇంటికొచ్చి డబ్బా విప్పుతుంటే తడిచేతికి ధర చీటీ ఊడొచ్చింది. కింద కంపెనీ అచ్చువేసిన ధర పద్నాలుగువందల యాభై.

“నూటేభై రూపాయలే గదేటి, వొగ్గెయ్” అన్నాడు భర్త దాలయ్య, వల బాగుచేసుకుంటూ.

“డబ్బులు గాదు. దారి పొడుగునా ఎంత మురిసిపోనానో నీకేటి తెలుసు?”

మర్నాడు చేపల తట్ట ఖాళీ కాగానే డబ్బా చంకనెట్టుకుని దుకాణానికి వెళ్లింది. యజమాని కృష్ణచైతన్య చూసీ చూడగానే, “ఆఫర్లో కొన్నవి వాపసు తీసుకోమమ్మా” అన్నాడు.

“వాపసెవులడిగినారు బాబూ? ఈ చీటీ ఎవులంటించినారో సెప్పు.”

“కంపెనీవాళ్లే...”

“కంపెనీవోలేసిన ధర కిందుంది. పైదెవులది?”

అతను డబ్బాను బల్ల వెనక్కి జరపబోయాడు. నాగమణి దాని మీద చెయ్యి వేసింది.

“నానూ యాపారం సేత్తన్నాను. నాలుగొందలు సెప్పి మూడొందలకిత్తాను. గానీ నిన్నటి సేపని నేటి సేపని ఎప్పుడూ సెప్పనేదు.”

పక్కన అలాంటి కుక్కరే పట్టుకుని నిలబడ్డ, మందస నుంచి వచ్చిన రైతామె రత్నాలమ్మ, గోటితో తన డబ్బా చీటీ గీకింది. అక్కడా అదే అచ్చు ధర.

నాగమణి ఫోను తీసింది. “వినియోగదారుల నంబరుందట, పంతొమ్మిది పదిహేను. సెయ్యమంటావా?”

“వద్దమ్మా! నీ నూటయాభై ఇచ్చేస్తాను.”

“ఇద్దువులే. ముందు ఆ చీటీలన్నీ తియ్యి.”

పద్నాలుగు డబ్బాలు. అతను ఒక్కొక్కటే గీకుతుంటే ఆమె స్టూలు మీద కూర్చుని కదలకుండా చూసింది. బోర్డు కూడా లోపలికి వెళ్లింది.

అప్పుడు రత్నాలమ్మ నెమ్మదిగా అంది, “మరిప్పుడు నాకెంతకిత్తావు?”

ఇద్దరూ కలిసి పట్టుబట్టి ధరను పన్నెండువందలకు దింపారు. నాగమణి చెయ్యి చాపింది. “నాకూ అదే ధర గదా?”

కృష్ణచైతన్య నవ్వాపుకోలేక నాలుగువందలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆడవాళ్లిద్దరూ బస్టాండు దగ్గర టీ తాగారు. టీ డబ్బులు రత్నాలమ్మను ఇవ్వనివ్వలేదు నాగమణి.