సుడెద్దు

వీపు మీద పాడె ఆకారంలో వెంట్రుకల సుడి, అదే పాడెసుడి, ఉన్న ఎద్దును కొన్న నెలకే దావీదు జ్వరంతో పోయినాడు. ఆ సుడి ఏలినోడిని మింగిందని ఊరంతా తేల్చేసింది.

"కటికోడికి తోలెయ్ వదినా, పిల్లలకైనా మంచి జరగాల," అని మరిది బెన్నీ రోజూ పోరుపెట్టినాడు. మొగుడి చావును మూగజీవం నెత్తిన రుద్దడానికి ఎలీషబాకు మనసొప్పలేదు. దాని మీద పడ్డ మాట పోవాలని, ఇంట్లో ఉన్న బూడిదరంగు మైలెద్దుతో జత కట్టి, కంభం తిరునాళ్లలో బండలాగుడు పందేనికి తోలుకొచ్చింది.

జత తోలతానని ఒప్పుకున్న మనిషి సుడి చూడంగానే కాడి వదిలేసి పోయినాడు. ఎలీషబా కొంగు బిగించి చెర్నాకోల తానే అందుకుంది.

"ఏందిరా, ఆడమనిషి తోలతాదంట!" అని జనం నవ్వినారు.

"నవ్వండన్నా, బండ కదిలేదాకా నవ్వండి," అనింది.

ఆమె అదిలించగానే ఎద్దులు మెడలు వంచి లాగినాయి. రాతిబండ దుమ్ము లేపుకుంటా కదిలి, అన్ని జతలకన్నా దూరం పోయి ఆగింది. మైకులో ఎలీషబా పేరు మోగిపోయింది.

బెన్నీ గుంపును తోసుకుంటా వచ్చి, "జరగండి, మా ఎద్దు!" అని సుడెద్దు పలుపు పట్టుకున్నాడు.

"నీదెప్పుడైంది నాయనా? పొద్దున గూడా కటికోడి మాటే ఎత్తితివే!"

బెన్నీ తల గోక్కున్నాడు. ఎలీషబా పలుపు లాక్కోలేదు.

"సరేలే, నువ్వే పట్టుకో. ఊరి నడిబజారున తోలుకుపోదాం. అందరూ చూడాల," అని తాను ముందు నడిచింది.